మధ్యాహ్నం తగ్గే వేడి

కిషన్‌బాగ్‌ల ఒక గల్లీ, శనివారం పొద్దున. లోపల్నుంచి గొళ్లెం పెట్టిన అర్ర ముందట ఇద్దరు నిలబడ్డరు: ట్రాలీ ఆటో నడిపే ఆ ఇంటాయన డానియేలు, పక్కింటి కాశమ్మ బిడ్డ ప్రీతి.

"కొట్టకు ప్రీతీ. తలుపు గట్ల కొట్టకు చెల్లె. లోపల గుడ్లు అదురుతయి."

"గుడ్లు అదురుతయా? ఇక్కడ నా గుండె అదురుతుంది డానియేలన్నా. మంచం ఎక్కిచ్చినం, పెట్టె ఎక్కిచ్చినం, పొయ్యి ఎక్కిచ్చినం. సామానంత నీ ట్రాలీల ఉన్నది. మనిషి ఒక్కతే లేదు. అమ్మా, తలుపు తీయే."

"పలుకదు. గంట సంది నేను పిలుస్తలేనా?"

"నీ ఇంట్ల, నీ అర్రల, మా అమ్మ గొళ్లెం పెట్టుకుంటుంటే నువ్వు చూస్కుంట నిలబడ్డవా?"

"నాకేమెరుక చెల్లె. సామాను ఎక్కిచ్చినంక, ఒక్కసారి గుడ్లు చూసొస్త అన్నది. పొమ్మన్న. గొళ్లెం పడ్డ సప్పుడు ఇన్నంక ఉరికొచ్చిన. ఏంది పెద్దమ్మా అంటే, నేను మంచిగనే ఉన్న, మీరు లొల్లి చేయకుండ్రి అన్నది. అంతే. మళ్ల మాట లేదు."

"మంచిగుంటే బయటికి రానీ. ఇంటికాడ పిల్లగాన్ని, చింటూను, మా ఆయన శ్రవణ్ ఎత్తుకొని తిరుగుతుండు. రెండు గంటలకు ఆయనకు షిఫ్టు. అప్పటికి నేను జల్‌పల్లిల ఉండాలె, అమ్మ ఉండాలె. ఎల్లుండి సోమవారం నేను ల్యాబ్‌ల జాయిన్ కావాలె. ఈసారి రాకుంటే ఇంకొకల్లను పెట్టుకుంటమని మేడం మొఖం మీదనే చెప్పింది. ఇవన్ని అమ్మకు ఎరుకే. ఎరుకయ్యే గొళ్లెం పెట్టుకున్నది."

"ఇగో, జర కూసో. స్టూలేస్త."

"కూసోను. అసలు ఈ గుడ్ల కథేంది, అది చెప్పు ముందుగాల. ఫోన్‌ల అడిగితే అమ్మది ఒకటే మాట: పిల్లలు కానీ, అయినంక వస్త. కోడి పొదుగు మీదున్నది గావచ్చు అనుకున్న. కోడి సచ్చిపోయిందని మొన్న రాజమణి వదిన చెప్తేనే నాకు ఎరుక. కోడి లేనిది పొదుగేంది?"

"రాజమణి చెప్పిందా? ఇంకేం చెప్పింది?"

"నువ్వే సంపినవని చెప్పింది."

"... చెప్పనీ. మాటైతే నిజమే. దాసుకుంటనా?"

"అయితే చెప్పు."

"పదహారు దినాలైంది. మీ అమ్మ నల్లకోడి ఎరుక గద నీకు. పాత కూలర్ డబ్బల గడ్డేసి పొదుగేసింది దాన్ని, పదకొండు గుడ్ల మీద. ఏడు దినాలు కూసున్నది. ఎనిమిదో దినం పొద్దుగాల మేతకు దిగింది. నేను నీళ్ల క్యాన్లు నింపుకొని ట్రాలీ ఎనుకకు తీస్తున్న. అద్దంల గోడ కనపడ్డది. గోడ కింద కోడి కనపడలె. ఏదో మెత్తగ తలిగినట్టైంది. దిగి చూస్తే ఖతం."

"అమ్మ ఏమన్నది?"

"ఏమన్న అంటే బాగుండు. ఏడ్వలె, తిట్టలె. కోడిని తీసి పక్కకు పెట్టింది. కూలర్ కాడికి పోయి గుడ్ల మీద చెయ్యి పెట్టింది. ఇంక వెచ్చగనే ఉన్నయి డానియేలూ, అన్నది. ఆ ఒక్క మాట చెల్లె. తిడితే నేను గూడ రెండు మాటలంటుంటి, కోడి రోడ్డు మీదికెందుకొచ్చిందని. సాయంత్రం వరకు మిషన్ తెస్త పెద్దమ్మా, అప్పటిదాంక సంబాళియ్యి అన్న. గుడ్లన్ని పాత చీరల చుట్టి కడుపుకు పెట్టుకొని కూసున్నది. నేనొచ్చిందాంక లేవలె. నీళ్లు గూడ తాగలెదని రాజమణి చెప్పింది."

"నా కొడుకును నలభై దినాలు ఎత్తుకున్నది అన్నా. నలభై ఒకటో దినం సంచి సదిరింది. మోకాళ్లు నొస్తున్నయి, మెట్లు ఎక్కొస్తలేదు అని. గుడ్లను మాత్రం పొద్దంత పట్టుకొని కూసున్నది."

"నేను గా సంగతి చెప్తలేను గద."

"చెప్పు. ఇంటున్న."

"కార్వాన్‌ల జగదీశ్వర్ ఉన్నడు, నా దోస్తు. ఫ్రిజ్‌లు రిపేర్ చేస్తడు. ఆయన కాడికి ఉరికిన. చేపల దుకాణం కెళ్లి థర్మకోల్ డబ్బ తెచ్చినం. కడిగినా వాసన పోలె, ఇప్పటికి ఆ అర్రల చేపల వాసనే. అందుల అరవై వాట్ల బల్బు పెట్టిండు, పాత కంప్యూటర్‌లది చిన్న పంక పెట్టిండు. ఒక మిషన్ ఉంటది, వేడి ముప్పై ఏడున్నర డిగ్రీలకు రాంగనే బల్బు బంద్ చేస్తది, తగ్గంగనే మళ్ల చాలు చేస్తది. ఒక గిన్నెల నీళ్లు. పొడిగాలి ఉంటే పెంకు లోపలి పొర ఎండి పిల్ల ఇరుక్కపోతదంట. గుడ్డుకు ఒక దిక్కు గీత, ఒక దిక్కు సున్న గీసి, దినానికి మూడుసార్లు తిప్పాలె. ఫోన్‌ల వీడియోలు చూసి చూసి నేర్సుకున్న. చదువుకునేటప్పుడు గింత చదివుంటే ఇయ్యాల ఆఫీసుల కూసుందును."

"నువ్వు తిప్పినవా?"

"నేనే. పొద్దుగాల ఆరు, మధ్యాహ్నం మూడు, పండుకునేముందు. మీ అమ్మ పక్కనుండి లెక్కపెడుతది. మెల్లగ, మెల్లగ అంటది. రాజమణికైతే పిచ్చి లేసింది. ఈ అర్రలనే ఆమె బట్టలారేసుకుంటది. తేమకు బట్టలారుతలేవని లొల్లి. పెండ్లైన కాడికెళ్లి నాకు జరమొస్తే ఇంత చూసుకున్నవా అని అడిగింది."

"నాకు గూడ అదే అడగాలనిపిస్తుంది అమ్మను."

"రెండో దినం బల్బు పోయింది. కొత్తది పెట్టిన. పంక అరుస్తుంటే నూనె పోసిన. పొదుగేసిన పదో దినం టార్చ్ పెట్టి చూస్తే రెండు గుడ్లల్ల ఏం లేదు, వట్టిగ ఎలుగు. తీసి పారేసినం. తొమ్మిది మిగిలినయి. తొమ్మిదిట్ల ఎర్రటి నరాలు కనపడ్డయి చెల్లె. ఒకదాంట్ల పిల్ల కదిలింది. పెద్దమ్మా చూడు అని చూపిచ్చిన. చూసింది. మొఖం పక్కకు తిప్పుకున్నది. కన్నీళ్లొచ్చినయేమో అనుకున్న."

"అమ్మకు అంత అల్కగ కన్నీళ్లు రావు."

"ఏమో మరి. ఆ మర్నాడే ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. నాలుగు గంటలు కరెంట్ లేదు. నేను అత్తాపూర్‌ల ఉన్న, ట్రాఫిక్‌ల ఇరుక్కున్న. ఇగ అన్ని పోయినయనుకున్న. ఉరికొస్తే, మీ అమ్మ సీసాలల్ల వేడినీళ్లు పోసి గుడ్ల చుట్టు పెట్టి, డబ్బ మీద రెండు బొంతలు కప్పి కూసున్నది. సల్లారితే మార్చింది, మళ్ల సల్లారితే మళ్ల మార్చింది. చేతులు ఎర్రగ బొబ్బలెక్కినయి. ఆమె లేకుంటే ఆ దినమే ఖతం."

"మరి అన్ని గింత మంచిగ చేస్తే, ఇరవై ఒక్క దినాలకు రావాల్సిన పిల్లలు ఇరవై మూడో దినం ఎందుకు రాలె?"

"గదే నా బాధ. నన్ను గదే తింటుంది. మిషన్‌ల తప్పున్నది. ఏం తప్పో దొరుకుతలేదు."

"ఏం తప్పు?"

"రోజు మధ్యాహ్నం వేడి తగ్గుతది. జగదీశ్వర్ ఒక మీటర్ ఇచ్చిండు. పొద్దుమొత్తంల వేడి ఎంతకు పడిపోయిందో యాది పెట్టుకొని చూపిస్తది. పొద్దుగాల ముప్పై ఏడున్నర. రాత్రి ముప్పై ఏడున్నర. నేను మధ్యాహ్నం క్యాన్లేసొచ్చి చూస్తే, నడుమ ఒక్కసారి ఇరవై తొమ్మిదికి పడ్డదని చూపిస్తది. ఒక దినం ఇరవై ఎనిమిది. అంత సల్లగైతే లోపలి పిల్ల పెరుగుడు ఆగుతది, లేకుంటే సస్తది."

"రోజూనా?"

"రోజు. కరెంట్ పోయిందా అని రాజమణిని అడిగిన. ఆమె బడిల వంటకు పోతది, ఆమెకేమెరుక. ఎదురింటోల్లను అడిగిన, పోలేదన్నరు. వైర్ మార్చిన. ప్లగ్ మార్చిన. కిటికికి అట్ట కొట్టిన, గాలి తలుగుతుందేమోనని. పిల్లి గిట్ల మూత జరుపుతుందా అని మూత మీద ఇటుక పెట్టిన. ఇటుక పెట్టినట్టే ఉన్నది, వేడి పడ్డట్టే పడ్డది."

"జగదీశ్వరన్నకు చూపియ్యలేవా?"

"చూపిచ్చిన. ముమ్మారు మార్చిండు, బల్బు చాలు బంద్ చేసే ఆ మిషన్‌ను. మూడోసారి గూడ గట్లనే పడితే నాకు కోపమాగలె. తీస్కపోయి ఆయన ముందట బల్ల మీద పడేసిన. గిరాకీలున్నరు దుకాణంల. నీ చేతికి పని రాదు, ఎందుకు దుకాణం పెట్టినవ్ అన్న. పదిహేనేండ్ల దోస్తు. ఆయన ఇంకో మిషన్ తీసి నా చేతుల పెట్టి, షట్టర్ సగం దించుకున్నడు. అప్పటి సంది ఫోన్ ఎత్తడు. పోయిన ఆదివారం చర్చ్‌ల గూడ పక్కకు కూసోలె."

"కోడిగుడ్ల కోసం దోస్తును ఇడిసిపెట్టుకున్నవా?"

"కోడిగుడ్ల కోసమంటవా? నేను ఒకరి కోడిని సంపిన. తిరిగి ఇయ్యలేను. కనీసం దాని పిల్లలనన్న చేతుల పెడితే నేను ఆ ఇంటి ముందలికెళ్లి తలెత్తుకొని పోతనని నా ఆశ. అది గూడ కాకపాయె. ఎవరి మీదన్న అరవాలె గద. దొరికినోడు ఆయన."

"నాకు అరవనీకె గూడ ఎవరు దొరకరు."

"నా మీద అరుస్తనే ఉన్నవ్ గద పొద్దుగాలికెళ్లి."

"మధ్యాహ్నం ఇంట్ల ఎవరుంటరు అన్నా?"

"ఎవరుంటరు. ఎవ్వరుండరు. తాళంచెయ్యి మీ అమ్మ కాడ పెట్టి పోతం. ఆమెనే కాపలా."

"అమ్మను అడిగినవా, వేడెందుకు పడుతుందని?"

"అడిగిన. మిషన్లు నాకేమెరుక నాయనా అన్నది. ఒక సంగతి చూడు, ఈ ఆఖరు మూడు దినాలు మూత తీయొద్దంటరు. అందుకని నేను పని బంద్ పెట్టి ఇక్కడనే కూసున్న. మూడు దినాల సంది వేడి ఒక్క గీత తగ్గలె. ఎట్ల పెట్టింది అట్లనే ఉన్నది."

"నువ్వుంటే తగ్గదు. నువ్వు లేకుంటే తగ్గుతది."

"గదే నాకు సమజ్ కాదు. ఏంది, గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు."

"ఏమో ఉన్నది."

"ఏం లేదన్న గద. నీళ్లుంటే ఇయ్యి జర."

"ఇగో. కూసో ఇప్పుడన్న."

"... నాకు తెల్వక అడుగుత అన్నా. అమ్మ పొద్దంత ఏం చేస్తది ఇక్కడ? నేను పెండ్లై పోయినంక, బాపు సచ్చిపోయినంక, రెండేండ్ల సంది ఒక్కతే ఉన్నది. ఎట్ల పొద్దుపోతది ఆమెకు? అదే నా ఫికర్. జల్‌పల్లిల ఆమె కోసం అర్ర సదిరిన. ఇప్పుడు కింది పోర్షన్ తీసుకున్నం, మెట్లు లేవు. కిటికి కాడ మంచం. టీవీ పెట్టిచ్చిన. ఇక్కడేమున్నదని ఆమె రాను అంటది?"

"రాను అన్నదా?"

"అనలె. ఎన్నడు అనలె. అంటే బాగుండు. పోయిన నెల అడిగితే రేషన్ కార్డ్ పని ఉన్నదన్నది. తర్వాత కండ్ల పరీక్ష అన్నది. తర్వాత కోడి పొదుగేసింది, పిల్లలు కానీ అన్నది. సరే అన్న. ప్రతిసారి సరే అంటది, వస్త బిడ్డా అంటది. దినాలు పోతయి. ఎవరి తల్లైన బిడ్డ కష్టంల ఉంటే ఉరికి రాదా?"

"ఆమెకు పొద్దు బాగనే పోతది ప్రీతీ."

"అంటే?"

"అంటే... ఏం లేదు. పోతది అంటున్న."

"ఏమో దాస్తున్నవ్."

"నేనెందుకు దాస్త. ఆమె చెప్పొద్దన్నది."

"ఏం చెప్పొద్దన్నది?"

"చెప్తే నాతోని మాట్లాడదు. కోడిని సంపినప్పుడు గూడ మాట్లాడింది, ఇది చెప్తే మాట్లాడదు."

"డానియేలన్నా."

"... బస్సులు ఎక్కుతది."

"ఏం బస్సులు?"

"ఆడోల్లకు ఫ్రీ బస్సున్నది గద. ఆధార్ కార్డు పట్టుకొని, సంచిల ఇన్ని నీళ్లు, రెండు రొట్టెలు పెట్టుకొని పొద్దుగాలనే పోతది. వారానికి ఒకపారి, ఒక్కోపారి రెండుసార్లు. ఎవ్వరిని తీస్కపోదు. ఒక్కతే. మెదక్ చర్చ్ చూసొచ్చింది. నాగార్జునసాగర్ పోయింది, గేట్లు తెరిచిన్రని ఎవరో చెప్తే. జహీరాబాద్ ఎందుకు పోయినవ్ పెద్దమ్మా, అక్కడేమున్నది అంటే, ఏం లేదు నాయనా, బస్సు ఖాళీగున్నది, కిటికి దొరికింది అన్నది. చీకటిపడే యాళ్లకు ఒస్తది, సంచిల జామపండ్లో, రేగుపండ్లో తెస్తది. గల్లీల అందరికి పంచుతది."

"మా అమ్మనా?"

"మీ అమ్మనే."

"మోకాళ్ల నొప్పులు?"

"నొస్తయి. నొస్తున్నా ఎక్కుతది."

"నా తానికి రమ్మంటే మెట్లు ఎక్కొస్తలేదన్నది. నా ఇల్లు గంట తొవ్వ. ఆ బస్సే. ఆ ఫ్రీ టికెట్టే. సాగర్ దాంక పోయొచ్చిన మనిషి నా ఇంటి ముందట దిగనీకె ఏమైంది? నేను ఆపరేషన్ కుట్లతోని పిల్లగాన్ని ఎత్తుకొని తిరుగుతున్న అన్నా. రాత్రి నిద్ర లేదు, పగలు తిండి లేదు. నాకొచ్చిన జీతంతోనే ఇల్లు గడుస్తుంది సగం. నేనేం గాలికి తిరగనీకె పిలుస్తున్ననా ఆమెను?"

"అందుకే చెప్పొద్దన్నది గావచ్చు. నువ్వు గిట్లంటవని."

"అనొద్దా? నువ్వు చెప్పు, అనొద్దా?"

"నాకేమెరుక చెల్లె. నేను నీళ్ల క్యాన్లు ఏసేటోన్ని."

"... ఆమెనన్న ఏమని అనాలె. నాకు బుద్ధి తెల్సిన కాడికెళ్లి ఆమె ఈ గల్లీ దాటింది చూడలె. నానమ్మ తొమ్మిదేండ్లు మంచంల పడ్డది. తినిపిచ్చుడు, కడుగుడు, పొర్లిచ్చుడు అంత అమ్మనే. నానమ్మ పోయిన ఏడాదికే బాపుకు పక్షవాతమొచ్చింది. ఆయన ఆరేండ్లు. నేను నడుమల పెండ్లి చేస్కొని పోయిన. పోయేనాడు నాకు లోపల ఎంత నిమ్మళమైందో నీకు తెల్వదు. ఆ ఇంట్ల మందుల వాసనకెళ్లి బయటపడ్డననిపిచ్చింది. అమ్మకు అనిపియ్యదా అని నేను ఒక్కనాడు ఆలోచన చేయలె."

"బాపు పోయిన నెలకు మీ అమ్మ మా ఇంటికొచ్చి, డానియేలూ, పొద్దున లేచినంక ఏం చేయాల్నో తెలుస్తలేదు అన్నది. ఎవ్వరిని లేపేది లేదు, కడిగేది లేదు అన్నది. పాపం ఏడుస్తదనుకున్న. నవ్వింది చెల్లె. మస్తు సేపు నవ్వింది. తర్వాత రెండు దినాలకే మొదటి బస్సెక్కింది."

"నువ్వు నాకు ఇది ముందుగాల చెప్పేదుండె."

"నువ్వు అడగలె ముందుగాల. ఎప్పుడొచ్చినా అమ్మ తిన్నదా, గోలీలేసుకున్నదా, గంతే అడుగుతవ్."

"సరే. ఉన్నదేదో ఉన్నది. నాకు దిక్కు లేదు అన్నా. పిల్లలను చూసుకునే సెంటర్‌ల అడిగితే ఏడాది నిండాలె అన్నరు. శ్రవణ్ వాళ్లమ్మ లేదు. నాకున్నది ఈమెనే. సగం దినమన్న రానీ, ఆరు నెలలన్న రానీ. ఈ గుడ్లల్ల ఏమన్న ఉన్నదా, లేదా? నిజం చెప్పు."

"నిజం చెప్పాల్నా? లేదు. నాకు ఆశ లేదు. నిన్న పొద్దుగూకంగ నేనే అన్న, పెద్దమ్మా ఇగ చాలు, తీసి పాతిపెడుదాం, తప్పు నాదే, ఇంకో కోడి పెట్టను తెచ్చిస్త అన్న. ఇంకొక్క దినం చూద్దాం అన్నది."

"గదే. ఇంకొక్క దినం. మళ్ల ఇంకొక్క దినం. ఆ గుడ్లు ఉన్నన్ని దినాలు ఆమె ఆ గుడ్ల పేరే చెప్తది. జరుగు అన్నా."

"ఏం జేస్తవ్?"

"తలుపు తీపిస్త. డబ్బ తీసి బయటేస్త. అమ్మా, ఇంటున్నవా? అన్నీ ఇన్నవు గద లోపలికెళ్లి. నేను కోపం చేయను. బస్సుల సంగతి అడగను. గుడ్లు సచ్చిపోయినయంట, డానియేలన్ననే చెప్పిండు. ఇగ దేనికోసం కూసున్నవే? రా. తలుపు తీయి."

"ఆగు ప్రీతీ."

"నువ్వు జరుగు."

"ఆగు అంటున్న. సప్పుడు చేయకు. ఇన్నవా?"

"ఏంది? పంక అరుస్తుంది."

"పంక కాదు. ఆ పంక అరుపు పదహారు దినాలు ఇన్న నేను. అది కాదిది. ఇగో, మళ్ల."

"... అన్నా."

"పెద్దమ్మా. ఓ పెద్దమ్మా. లోపల ఏమైతుంది? జర చెప్పు."

"తీస్తున్న. లోపలికి రాకుండ్రి, గాలి తలుగుతది. గడప బయటనే ఉండుండ్రి ఇద్దరు."

"అమ్మా, గంట సంది పిలుస్తుంటే—"

"గుడ్డు పెంకుకు బొక్క పడ్డది బిడ్డా, నేను చూడనీకె ఒచ్చేవరకు. మీరిద్దరొస్తే మూత తీసి చూస్తరని గొళ్లెం పెట్టిన. డబ్బకున్న అద్దంలకెళ్లి చూసుకుంట కూసున్న. డానియేలూ, ఐదు బయటికొచ్చినయి నాయనా. ఒకటి ఇంక పెంకు కొట్టుకుంటుంది."

"ఐదా? నిజంగనే? పెద్దమ్మా, నేను పాతిపెడుదామన్న వాటిని."

"రెండు నల్లగున్నయి, తల్లి లెక్క. తడి ఆరిందాంక ముట్టకు."

"మరి వేడి అంత పడిపోతే ఎట్ల బతికినయి ఇవి? మిషన్ గింత ఖరాబున్నది—"

"మిషన్ ఖరాబ్ లేదు. జగదీశ్వర్ ఇంటికి పో ఇయ్యాల. తప్పైందని చెప్పు. నన్ను గూడ తీస్కపో, నేను గూడ చెప్త. మధ్యాహ్నం మూత తీసింది నేను."

"నువ్వా?"

"నేనే. నువ్వు పోయినంక ఇటుక తీసి, మూత తీసి పక్కకు పెడుతుంటి. మళ్ల ఇటుక ఎట్లున్నదట్ల పెడుతుంటి."

"ఎందుకు పెద్దమ్మా? చేతులు కాలంగ వేడినీళ్లు పోసినవ్ గద కరెంట్ పోయిననాడు."

"పోసిన. ఆనాడు అవి సస్తున్నయని చెయ్యి ఊకోలె. మర్నాడు మళ్ల మూత తీసిన. ఎక్కువసేపు తీసి పెట్టనీకె గూడ మనసొస్తలేకుండె. పావుగంట, ఇరవై నిమిషాలు. మళ్ల నేనే మూసేది. సంపనీకె రాలె, బతకనీయనీకె రాలె నాకు."

"అమ్మా, ఇవి పుడితే నువ్వు నాతోని రావాలె. అందుకేనా?"

"అందుకే బిడ్డా. పిల్లలైనంక వస్తనని మాటిస్తి. అవి కాకుంటే నేను వచ్చేది ఉండదనుకున్న."

"ఒక్క మాట నాకు చెప్తే ఐపోతుండె గద. ఇన్ని దినాలు నన్ను తిప్పుకునుడు ఎందుకు?"

"ఆ మాట నా నోట్లె ఎన్నడు తిరగలె. మీ నానమ్మకు చెప్పలె. మీ బాపుకు చెప్పలె. కన్న బిడ్డకు ఎట్ల చెప్పాలె? నా బదులు ఆ మాట ఈ గుడ్లన్న చెప్తయనుకున్న. రోజు మూత తీసి కూసున్న. అయినా పుట్టినయి."

"పుట్టినయి గద అమ్మా. ఇగ ఇప్పుడు?"

"ఇప్పుడు నేనే చెప్పాలె. డానియేలూ, సామాను దించు నాయనా. నేను రాను ప్రీతీ."